పోతులూరి ఇంటిపేరూ, సిద్ధయ్య పేరూ

తెలుగువారి ఇంటిపేర్ల మీద వెలువడుతున్న పుస్తకాలు కొన్ని చూశాను. వాటిలో ఎక్కువ భాగం వంశచరిత్రలే. ఒక ఇంటిపేరు తీసుకొని, దాన్ని ఏ కాకతీయ సేనాని దగ్గరకో, ఏ విజయనగర సామంతుడి దగ్గరకో నడిపించి, దానికొక సంస్కృత వ్యుత్పత్తి తగిలించి, చివరకు ఆ వంశంలో పుట్టిన ప్లీడర్లవీ డాక్టర్లవీ ఫొటోలు వేసి ముగిస్తారు. ఇలాంటివి పెండ్లి శుభలేఖల కోవకు చెందినవి, వీటిని విమర్శించడం దేనికని మిత్రులు కొందరు అంటారు. కాని ఇంటిపేరు కేవలం ఆ ఇంటివారి సొంత వ్యవహారం కాదు. మన భాషలో మనిషి పేరుకు ముందు ఏ మాట నిలబడుతుందో, దాన్ని అక్కడ నిలబెట్టినవారెవరో విచారిస్తే, కులం, భూమి, పాలన ఈ మూడూ కలిసి మనిషిని ఎట్లా గుర్తించాయో తెలుస్తుంది. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఈ మాటను పట్టించుకోలేదు. కవి ఇంటిపేరును వాళ్ళు కాలనిర్ణయానికీ, స్థలనిర్ణయానికీ వాడుకొని వదిలేశారు.

ఈ విచారణకు కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠం కన్న మంచి చోటు నాకు కనబడలేదు. అక్కడ ఒకే కథలో ముగ్గురి పేర్లు ఉన్నాయి: పోతులూరి వీరబ్రహ్మం, దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య. భజన చేసేవాళ్ళు, నాటకం ఆడేవాళ్ళు, కాలజ్ఞానం పుస్తకాలు అచ్చువేసేవాళ్ళు, ముగ్గురినీ ఒకే భక్తితో ఇలాగే పిలుస్తారు. వ్యాకరణం ప్రకారం మూడు పేర్ల నిర్మాణం ఒకటే, ముందొక మాట, తరువాత మనిషి పేరు. కాని మొదటిది ఇంటిపేరు. రెండవది వృత్తి. మూడవది కులం. గురువుగారికి ఇల్లున్నది, శిష్యులకు లేదు. కులభేదం లేదని బోధించినట్టు చెప్పే కథలోనే ఈ తేడా మూడు వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా నిలిచింది, ఎవరికీ అభ్యంతరం తోచలేదు. అదే నా విషయం.

ముందు ‘పోతులూరి’ సంగతి చూద్దాం. మాట నిర్మాణంలో పెద్ద రహస్యమేమీ లేదు. ఊరు అనే మాట విభక్తి ప్రత్యయానికి ముందు ‘ఊరి’ అవుతుంది. పోతులూరు నుంచి వచ్చినవాడు పోతులూరి ఫలానా. ‘పోతు’ అంటే మగ జంతువు, ముఖ్యంగా మగ దున్న. గ్రామదేవతల తమ్ముడైన పోతురాజు పేరులోనూ అదే మాట. సంస్కృతం తెలిసిన వ్యాఖ్యాతలు ఈ దున్నపోతును ఎట్లా దాటవేయాలా అని చాలా అవస్థపడతారు. పశువులనూ పంటలనూ చెరువులనూ బట్టి ఊళ్ళకు పేర్లు పెట్టుకున్న రైతులకు అటువంటి సిగ్గు లేదు. కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి గారు చేసిన పరిశోధన చదివినవారికి, ఈ సీమలో ఊరి పేర్లు ఎంత నేలబారు వస్తువుల నుంచి పుట్టాయో వేరే చెప్పనక్కరలేదు.

ఊరి పేరును మనిషి పేరుకు ముందు ఉంచే పద్ధతి ఈ ప్రాంతంలో ఎంత పాతదో చూడండి. ప్రొద్దుటూరికి దగ్గరలో, ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళ అనే ఊరున్నది. అక్కడి శాసనం క్రీ. శ. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించారు, తెలుగులో మనకు దొరికిన మొదటి శాసనంగా దాన్ని లెక్కిస్తున్నాము. రేనాడు ఏలుతున్న ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో వేసిన ఆ రాతిమీద ‘చిఱుంబూరి రేవణకాలు’ అని ఒకరి పేరున్నది. చిఱుంబూరి రేవణకాలు, పోతులూరి వీరబ్రహ్మం: ఈ రెండు పేర్ల మధ్య వెయ్యేళ్ళు దాటిన కాలం ఉన్నా అచ్చు ఒకటే. తెలుగు రాతలోకి ఎక్కిన తొలినాడే తెలుగు మనిషి తన ఊరిని ముందుపెట్టుకొని ఎక్కాడన్నమాట. అయితే రేవణకాలుకు ఉన్నది ఇంటిపేరని నేననను. అది ఊరి గుర్తు మాత్రమే. మనిషి ఊరు మారితే గుర్తు మారవచ్చు, కొడుకుకు వేరే గుర్తు రావచ్చు. అది కొడుకుకూ మనుమడికీ దిగి, ఊరు వదిలినా వదలకుండా వచ్చినప్పుడే ఇంటిపేరు.

మన పొరుగున తమిళులూ ఊరిపేరు ముందుంచుకుంటారు. అన్నాదురై పేరు ముందున్న మొదటి అక్షరం కాంచీపురానిది, రెండవది నటరాజన్‌ది. కాని అక్కడ అది గట్టిపడి వంశమంతటికీ దిగే పేరు కాలేదు. తెలుగులో గట్టిపడింది. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) జీవితంలో ఎక్కువ భాగం తిరుపతిలో గడిపాడు. అయినా కొడుకు తాళ్లపాక పెదతిరుమలాచార్యుడు, మనుమడు తాళ్లపాక చిన్నన్న. కవులైన ఆ మూడు తరాలూ తిరుమల ఆలయాన్ని ఆశ్రయించి బతికినవే, కాని పేరులో రాజంపేట దగ్గరి పల్లె అట్లాగే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయింది? ఒక్క కారణం చెప్పడం కష్టమే గాని, ఒకటి మాత్రం ఖాయం. మాన్యమో, అగ్రహార వృత్తో, కరణీకమో, ఏదో ఒక హక్కు తండ్రి నుంచి కొడుకుకు దిగవలసిన ఇంట్లో, ఆ హక్కుతోపాటు దిగడానికి ఒక పేరు కావాలి. ఆస్తి లేనివాడు కూడా ఇంటిపేరు పెట్టుకోవచ్చు, కాని దాన్ని రాయవలసిన అవసరం ఎవరికీ రాదు.

ఇక్కడ ఒక సాహిత్య వివాదాన్ని తడిమి పోవాలి. పోతన బమ్మెర ఇంటిపేరువాడు గనక ఓరుగల్లు ప్రాంతపు బమ్మెర గ్రామంవాడేనని ఒక పక్షం. ఏకశిలానగరమంటే ఒంటిమిట్ట గనక కడప జిల్లావాడేనని ఇంకొక పక్షం. 2014లో రాష్ట్రం రెండయిన తరువాత ఈ తగాదాకు ప్రభుత్వ లాంఛనాలు కూడా తోడయ్యాయి. తీర్పు చెప్పడం నా పని కాదు. ఇంటిపేరు దేనికి సాక్ష్యమో, దేనికి కాదో మాత్రం చెబుతాను. గురజాడ గ్రామం కృష్ణా జిల్లాలో ఉన్నది, గురజాడ అప్పారావు విజయనగరంలో ఉన్నాడు. ఇంటిపేరు పూర్వుడెవరో ఎక్కడినుంచి కదిలాడో చెబుతుంది, మనిషి ఎక్కడ నిలిచి రాశాడో చెప్పదు. అంచేత బమ్మెర పక్షంవారు ఇంటిపేరు ఒక్కదానితో గెలవలేరు. ఒంటిమిట్ట పక్షంవారు ఇంటిపేరును పక్కకు తోసి గెలవనూ లేరు. బమ్మెర నుంచి కదిలివచ్చిన కుటుంబమని చూపించే బాధ్యత వారిమీదే పడుతుంది.

తిరిగి మఠానికి వద్దాం. ఇప్పుడు బ్రహ్మంగారిమఠం అని మండలానికే పేరైన ఆ ఊరి పాత పేరు కందిమల్లాయపల్లె. ఆ పేరులో కందిమల్లయ్య కనబడుతూనే ఉన్నాడు. మనుషులు ఊళ్ళ నుంచి పేర్లు తీసుకోవడం సామాన్య విషయం. ఇక్కడ ఒక ఊరు ముందొక మనిషి నుంచి పేరు తీసుకున్నది, తరువాత దాన్ని వదిలి ఇంకొక మనిషి నుంచి తీసుకున్నది. ఆ రెండవ మనిషి వడ్రంగం చేసుకొని బతికాడని కథ. పోలేరమ్మ జాతరకు చందా అడగవచ్చిన గ్రామపెద్దల ముందు, చుట్టకు నిప్పు తెమ్మని పోలేరమ్మనే కేకేశాడట. చందా ఇచ్చుకోలేని చేతిపనివాడు ఊరి పెత్తనానికి చెప్పిన సమాధానంగా ఈ ఘట్టాన్ని చదివితే అందులో మహిమ కన్న గొప్ప విషయం ఉన్నది. మన నాటకాలవాళ్ళు మాత్రం నిప్పు గాలిలో తేలుతూ వచ్చే ట్రిక్కు మీదే శ్రద్ధ పెడతారు. 1984లో వచ్చిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ సినిమా సరేసరి. ఆ సినిమా పేరును గమనించండి. ‘విరాట్’ ఉన్నది, ‘ఇంద్ర’ ఉన్నది, ‘పోతులూరి’ లేదు. దేవుడైనవాడికి ఇంటిపేరు అవసరం తీరిపోతుంది కాబోలు.

అదే కథలో వీరబ్రహ్మం కందిమల్లాయపల్లెకు రాకముందు బనగానపల్లెలో ఆవులు కాశాడు. ఎవరి ఆవులు? గరిమిరెడ్డి అచ్చమ్మవి. రవ్వలకొండ మీద ఆవులను విడిచి, గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాశాడని చెబుతారు. ఈ కథలో స్త్రీలు ఇంకా ఉన్నారు. పెంచిన తల్లి వీరపాపమాంబ, మనుమరాలు ఈశ్వరమ్మ ఉన్నారు. ఈశ్వరమ్మకైతే సొంత మఠమే ఉన్నది. వీళ్ళెవరినీ జనం ఇంటిపేరుతో పిలవరు. ఇంటిపేరుతో జ్ఞాపకం ఉన్న స్త్రీ ఒక్కతే, ఆమె ఆవులమంద గల ఆసామి. కథ చెప్పినవాడు ఇది ఆలోచించి చేశాడని నేననను. ఆలోచించకుండా చేశాడు గనకే ఇది మంచి సాక్ష్యం.

ఇప్పుడు సిద్ధయ్య. ఆయన ముడుమాలవాడు. తండ్రి పీరు సాహెబు. ఇంటినీ మతాన్నీ విడిచి బ్రహ్మంగారి దగ్గర చేరాడని తండ్రి నవాబుకు ఫిర్యాదు చేయగా, సిద్ధయ్య నవాబు ముందు నిలబడి రాతికి సలాం చేస్తే రాయి ముక్కలయిందని ప్రసిద్ధమైన ఘట్టం. బ్రహ్మంగారి పాటలకూ తత్వాలకూ శ్రోతగా, ప్రశ్నించేవాడుగా, వారసుడుగా ఆయన ఉంటాడు. 1693లో గురువు జీవసమాధిలో ప్రవేశించినప్పుడు దండకమండలాలూ పాదుకలూ అతనికే దక్కాయని సంప్రదాయం చెబుతుంది. మఠాధిపత్యం మాత్రం వంశపారంపర్యంగా గురువుగారి ఇంట్లోనే నడిచింది. సిద్ధయ్యకు వేరే మఠం, ముడుమాలలో. జ్ఞానం శిష్యుడికి, ఇల్లు కొడుకులకు. ఇందులో తప్పొప్పులు వెతకడం కన్న, ఇంటిపేరు అన్న మాటలో ‘ఇల్లు’ ఎంత గట్టిదో గమనించడం మేలు.

కలమళ్ళ రాతి మీది పద్ధతి ప్రకారం ఈయన ‘ముడుమాల సిద్ధయ్య’ కావాలి. ఊరున్నది, ఊరికి పేరున్నది, మనిషి ఊరు దాటి వచ్చాడు. తాళ్లపాకవారికి, ఆతుకూరివారికి, పోతులూరివారికి జరిగినదంతా ఈయనకూ జరిగింది. అయినా ముందు నిలబడిన మాట ‘దూదేకుల’. ఈ తేడాకు కారణం దూదేకులవారికి ఇంటిపేర్లు లేకపోవడమని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. ఈ సీమలో దూదేకులవారు తెలుగే మాట్లాడతారు, పేర్లు హుసేనయ్య, దస్తగిరయ్య, మస్తానమ్మ అని తెలుగు ప్రత్యయాలతోనే పెట్టుకుంటారు, వారికి తెలుగు ఇంటిపేర్లు ఉన్నాయి. మాదిగలకు ఉన్నాయి, మాలలకు ఉన్నాయి, చాకలి మంగలి కుటుంబాలకు ఉన్నాయి. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ముల వరస అవుతారని పక్కకు తప్పుకోవడం అన్ని కులాల్లోనూ ఉన్న ఆచారమే. కాబట్టి ఇంటిపేరు లేని తెలుగువాడు లేడు. ఇంటిపేరు ఇంట్లోనే ఆగిపోయిన తెలుగువాళ్ళు మాత్రం లక్షలమంది ఉన్నారు. గడప దాటి వీధిలోకి, వీధి దాటి కాగితం మీదికి వచ్చేసరికి ఆ పేరు ఊడిపోయి దాని స్థానంలో కులం వచ్చి కూర్చుంటుంది. సిద్ధయ్య ఇంటి గడప లోపల ఏ పేరున్నదో, దాన్ని ఎవరూ అడిగి రాసుకోలేదు.

కక్కయ్య సంగతి ఇంకా కఠోరం. దేహంలో షట్చక్రాలున్నాయని, వాటిలో దేవతలున్నారని గురువు సిద్ధయ్యకు బోధిస్తుంటే విని, నిజమేమో చూద్దామని కక్కయ్య తన భార్యనే కోసి చూశాడని, ఏమీ కనబడక గురువును నిలదీశాడని, గురువు ఆమెను బతికించాడని కథ. బోధను అక్షరాలా నమ్మి పరీక్షకు పెట్టినవాడు ఈ కథలన్నిటిలో ఇతనొక్కడే. ఈ ఘట్టాన్ని అమాయకత్వానికి ఉదాహరణగా చెప్పి ప్రేక్షకులను నవ్విస్తారు. పాపం, కోతకు బలైన ఆ ఇల్లాలి పక్షాన ఒక్క మాట చెప్పేవాళ్ళు లేరు. కక్కయ్య పేరులో కులం మాత్రమే మిగిలింది. కులం లేదని చెప్పిన గురువు శిష్యుణ్ణి కులంతో గుర్తుంచుకోవడం వల్లనే బోధ గొప్పతనం తెలుస్తుంది గదా అని నాతో వాదించినవారున్నారు. అంటే ‘దూదేకుల’, ‘మాదిగ’ అన్న మాటలు శిష్యుల కోసం కాక గురువుగారి ఔదార్యానికి రుజువులుగా అక్కడున్నాయన్నమాట. ఈ వాదాన్ని కొట్టిపారేయను, ఎందుకంటే వాస్తవం అదే. అయితే రుజువు పత్రంగా మిగిలిన మనిషికి తన పేరు మిగలదు.

పోనీ, గురువుగారి కులంవారికి మాత్రం ఈ అవమానం తప్పిందా? తప్పలేదు. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే అయిదు పనులవారూ వృత్తి పేరుతోనే పిలవబడ్డారు. వారు పేరుకు వెనక ‘ఆచారి’ చేర్చుకున్నారు, తాము విశ్వబ్రాహ్మణులమన్నారు, తమ కర్మలు తామే చేయించుకునే హక్కు కోసం పోరాడారు. ముందున్న వృత్తిపేరును వెనక చేర్చిన గౌరవవాచకంతో తూకం వేయడమే ఇది. దీన్ని బ్రాహ్మణ్యానుకరణ అని ఒక్క మాటతో తీసివేసే విమర్శకులతో నేను ఏకీభవించను. పనిచేసేవాడికి పేరు దక్కించుకోవడానికి అప్పటి సమాజం తెరిచి ఉంచిన దారులు రెండో మూడో, వాటిలో ఇది ఒకటి.

ఇక్కడ ఇటలీ ముచ్చట ఒకటి చెప్పుకుంటే మన స్థితి తేటపడుతుంది. ఇటలీలో అతి సామాన్యమైన ఇంటిపేర్లలో ‘ఫెరారి’ ఒకటి. ఖరీదైన కార్ల పేరుగా మన విద్యార్థులకు తెలిసినదే. దాని అర్థం ఇనుముతో పనిచేసేవాడు, అంటే కమ్మరి. ఇటలీలో ఎవడో కమ్మరి పేరుకు తగిలిన వృత్తి, కొడుకు కొలిమి వదిలినా మనుమడు గుమాస్తా అయినా, ఇంటిపేరుగా వచ్చింది. 1563లో ట్రెంట్ మతమహాసభ పెండ్లిళ్ళను చర్చి పుస్తకాల్లో రాయాలని కట్టడి చేసిన తరువాత అటువంటి పేర్లు మరింత గట్టిపడ్డాయి. ఇవాళ ఫెరారి అన్న పేరు విని ఆ మనిషి తాత ఏ పని చేశాడో లెక్కగట్టి పీట దూరంగా వేసేవాడు అక్కడ లేడు. వృత్తి మాటగా మారి చచ్చిపోయింది, పేరు బతికింది. మన దగ్గర వృత్తి చచ్చినా మాట కులంగా బతికే ఉన్నది. కొలిమి ఆరి యాభై ఏళ్ళయిన ఇంటివాణ్ణి కూడా కమ్మరి ఫలానా అంటారు. అక్కడ మాత్రం అంతా న్యాయమని కాదు. నేపుల్స్ నగరంలో అనాథాశ్రమం గడపలో వదిలేసిన పసిబిడ్డలకు ‘ఎస్పోజితో’ అని పేరు పెట్టేవారు, బయట వదిలేయబడినవాడని దాని అర్థం. ఆ మచ్చ జీవితాంతం మోయవలసిందే. మన పాఠకులకు బాగా తెలిసిన ఆంటోనియో గ్రాంషీ ఇంటిపేరేమో అల్బేనియాలోని గ్రంష్ అనే ఊరితో సంబంధం గలదని చెబుతారు. ఆయన తండ్రి వంశం అటునుంచి వలసవచ్చినదే. ఇదీ మన ‘పోతులూరి’ కోవే, వలసపోయిన మనిషి వెనక నడిచిన ఊరు.

మన దగ్గర చర్చి పుస్తకం చేసిన పని చేసినది రెవెన్యూ దఫ్తరం. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. ఆ ఏడు మొదలు 1807 దాకా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తాలూకాల కరణాలు రైతు పేరున పట్టా రాయవలసి వచ్చింది. ఒక ఊళ్ళో నలుగురు మల్లయ్యలుంటే శిస్తు ఎవడు కట్టాలో తేలాలి గదా. ఇంటిపేరు అక్కడ పనికి వచ్చింది. మరి గ్రామసేవకుల సంగతి? వారి భూమి సేవకు ఇచ్చిన మాన్యం. దాన్ని గురించి 1858లో ఏర్పడిన ఇనాం కమిషను విచారించింది. పట్టా భూమికి గుర్తు ఇంటిపేరైతే, మాన్యానికి గుర్తు చేసే పని. కమ్మరి మాన్యం, చాకలి మాన్యం, మంగలి మాన్యం అని నేటికీ పల్లెల్లో పొలాల పేర్లుగా వింటున్నాము. చేసేవాడు మారవచ్చు, పని మారదు, అంచేత మనిషి పేరు అనవసరం. ‘దూదేకుల సిద్ధయ్య’ అన్న పేరు మన్రో కన్న పాతదే. కథలో ఉన్న అలవాటును దఫ్తరం ఇంకో వంద ఏళ్ళు స్థిరపరిచింది. మెకంజీ పండితులు సేకరించిన కైఫీయత్తులు తిరగేసినవారికీ ఇదే అనుభవమవుతుంది. ఊరి పుట్టుక చెప్పేటప్పుడు రెడ్డి, కరణం ఇంటిపేర్లతో వస్తారు, తక్కినవారు కులాలుగా గుంపులో వస్తారు.

అయితే జనం జ్ఞాపకం ఎప్పుడూ దఫ్తరం మాట వినదు. కంపెనీ మీద తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడిన నరసింహారెడ్డి ఇంటిపేరు మజ్జారి. జనం పాడుకున్నదీ, మనం చదువుకున్నదీ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనే. పాళెగాళ్ళ భరణం హక్కును కంపెనీ ఇంటిపేరు చూసి లెక్కగడుతుంటే, జనం ఆ ఇంటిని తీసివేసి ఊరిని ముందుపెట్టారు. ఇది మళ్ళీ కలమళ్ళ నాటి పద్ధతి. పుట్టపర్తి నారాయణాచార్యుల (1914–1990) అసలు ఇంటిపేరు తిరుమల. ప్రొద్దుటూరు వీధుల్లో తిరిగిన ఆ మహాకవిని పుట్టపర్తి అన్న ఊరే మోసింది.

స్త్రీల ఇంటిపేర్ల మీద వేరే వ్యాసం రావాలి, ఇక్కడ రెండు పేర్లే చెబుతాను. సుభద్రాకల్యాణం రాసిన తాళ్లపాక తిమ్మక్క ఇంటిపేరు భర్తది. ఆతుకూరి మొల్ల ఇంటిపేరు తండ్రిది. బద్వేలు దగ్గరి గోపవరం మొల్లదని ఎక్కువమంది అంటారు, అంటే మన మఠానికి పొరుగే. చిఱుంబూరి, పోతులూరి, ఆతుకూరి, అన్నీ ఒకే అచ్చు. అయినా మన పాఠశాలల్లో ఆమె ‘కుమ్మరి మొల్ల’. అన్నమయ్యను ఎవడూ కులంతో కలిపి పిలవడు. ఆతుకూరి అన్న ఇంటిపేరు పుస్తకాల్లో ఉండి కూడా కుండ చేసే చక్రం ముందుకు వచ్చిందంటే, రాతలోకి ఎక్కినంత మాత్రాన ఇంటిపేరు గెలవదని తెలుస్తున్నది. ఇక వేమన్నకు ఇంటిపేరు తగిలించి ఆయనను తమ కులంలో చేర్చుకోవడానికి జరుగుతున్న శ్రమ గురించి రాస్తే వినోదమే గాని, పేజీలు చాలవు.

అభ్యుదయ కవులు ఇంటిపేరును ఏంచేశారు? శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టి, దత్తత వల్ల శ్రీరంగం అయ్యాడు. ఇంటిపేరు రక్తాన్ననుసరించక ఆస్తినీ వారసత్వాన్నీ అనుసరిస్తుందనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి? ఆయన దాన్ని ఒక్క అక్షరం చేసి పారేశాడు. పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి (1922–1988) రాజులను గుర్తుచేసే ఇంటిపేరును ‘రా’ చేసి, రారా అయ్యాడు. ‘సంవేదన’ చదివినవాళ్ళకు ఆ రెండక్షరాలు చాలు. కాని ఇంటిపేరును విసర్జించడం ఇంటిపేరున్నవాడికి చెల్లే విలాసమని కూడా మనం ఒప్పుకోవాలి. గుఱ్ఱం జాషువ (1895–1971) ‘గుఱ్ఱం’ వదులుకోలేదు. కులంతో పిలవడానికి సిద్ధంగా ఉన్న సభల్లో, ఇంటిపేరుతో నిలబడటమే ఆయనకు అభ్యుదయం. శ్రీశ్రీ విసర్జించినదీ జాషువ అట్టిపెట్టుకున్నదీ ఒకే వస్తువు కాదు, వాటిని ఒకే తూనికరాయితో తూచరాదు. పులివెందులవారిదే ఇంకొక ఇంటిపేరు రెండక్షరాలై జిల్లా పేరులోకే ఎక్కింది. వై. ఎస్. అంటే యెడుగూరి సందింటి. ఒకటి ఊరు, ఒకటి సందులోని ఇల్లు. 2010లో ఆ అక్షరాలు కడపను వెనక్కి నెట్టి జిల్లాకు పేరయినప్పుడు, సందులోని ఇల్లు జిల్లా అంత అయింది.

దూదేకుల కుటుంబాలు వెనకబడిన తరగతుల జాబితాలో ఉన్నాయి, ధ్రువపత్రంలో కులం పేరు రాయక తప్పదు. అది హక్కు కోసం రాసే రాత. నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అన్న పేర్లూ ఆ జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. చదువుకున్న కొందరు ‘దూదేకుల’ వదిలి ‘నూర్‌బాషా’ను ఇంటిపేరు స్థానంలో పెట్టుకున్నారు. ఆచారి అన్న మాటతో చేతిపనులవారు చేసిన ప్రయత్నమే ఇదీ. నేను బడిపంతులుగా ఉండగా చూసినది ఇంకొకటి ఉన్నది. హాజరుపట్టీలో ఇంటిపేరు గడి ఉండేది. కొందరు పిల్లలకు ఆ గడిలో ‘దూదేకుల’ అని ఎవరో ముందే రాసిపెట్టారు. ఇంటిపేరేమిట్రా అని అడిగితే ఆ పిల్లలే వేరే పేరు చెప్పేవారు, ఇంట్లో అమ్మ చెప్పిన పేరు. పట్టీలో ఎక్కింది గనక పరీక్ష కాగితంలో ఎక్కేది, పరీక్ష కాగితంలో ఎక్కింది గనక ఉద్యోగంలో ఎక్కేది. తెలుగులో ఇంటిపేరు ఎట్లా పుడుతుందో తెలుసుకోవడానికి శాసనాలే అక్కరలేదు.

ఈ పట్టీల్లోనే ఇంకొక విశేషం కూడా ఉన్నది. ఈ ప్రాంతంలో ‘పోతులూరయ్య’ అని పేరున్న మనుషులు మీకు ప్రతి పల్లెలోనూ తగులుతారు. రకరకాల కులాలు, రకరకాల ఇంటిపేర్లు. ఎక్కడి ఊరో, అక్కడినుంచి ఇంటిపేరైంది, ఇంటిపేరు నుంచి గురువు పేరైంది, గురువు పేరు నుంచి కూలివాని బిడ్డ పేరైంది. ఒక వంశానికి దిగవలసిన మాటను జనం తీసుకొని అందరి పిల్లలకూ పెట్టారు. సిద్ధయ్య పేరూ అట్లాగే పంచుకున్నారు. వంశచరిత్రలు రాసేవారు ఈ పోతులూరయ్యలను లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే వీళ్ళలో ఒక్కరూ పోతులూరివారు కారు.

కడప జిల్లాలో ఉన్న మన ఉపాధ్యాయ మిత్రులు సెలవుల్లో ఒక పని పెట్టుకోవచ్చు. దూదేకుల, మాదిగ, కుమ్మరి, కంసాలి ఇళ్ళల్లో పెండ్లి మాటలప్పుడు మాత్రమే పైకి వచ్చే ఇంటిపేర్లను, పెద్దవాళ్ళు బతికి ఉండగా, అడిగి రాసుకోవాలి. ఏ ఊరి నుంచి వచ్చామని చెబుతారో, ఏ భూమి దున్నారో, ఏ కరువుకు కదిలారో కూడా రాయాలి. ముడుమాలలో మొదలుపెడితే బాగుంటుంది.